అన్ని కొండలదీ ఒకే కంపు

అమీర్‌పేట,
డిసెంబర్ 11, 2024

మధూ,

నీ మేనత్త దీవెనలు. మీ కొండ మీద ఫోన్ పలకదు కనుక ఈ చేతిరాత. చదవలేకపోతే నీ ఖర్మ.

నువ్వు పంపిన కాఫీ గింజల డబ్బా మొన్న పంజాగుట్టలో మా ఆఫీసుకు చేరింది. పైన పెట్టిన ఉత్తరం కేదార్ తీసి నాకిచ్చాడు. సంచుల మీది ఊరి పేర్లు పీకేసి అంకెలు అంటించాడు. ఏ గింజ ఏ కొండదో రుచి చూసేవాళ్ళకు తెలియకుండా చూడటమే ఆ అబ్బాయి పని. మేనకోడలి సరుకైనా నాలుకకు చుట్టరికం ఉండకూడదని ఆ రుచి చూసే టేబుల్ దగ్గర నీకు నేర్పింది నేనే కదా.

ఇక అసలు సంగతి. ఈ ఏడు ఒక్క కాఫీ నోట పెట్టేలా లేదు. ముందు చిక్కమగళూరుది పెట్టారు. వేడినీళ్ళు పోయగానే టైరు తగలబెట్టిన కంపు. వయనాడుది ఇంకా ఘోరం, తడిగోనె కింద ఎలుక చచ్చినట్టుంది. ఏర్కాడు నుంచి ఒక పెద్దమనిషి ఏటా నారింజ తొక్క వాసన వచ్చే గింజలు పంపేవాడు. ఈసారి ఆయనకూ పోయేకాలం వచ్చింది. ఇథియోపియా నుంచి తెప్పించినదాని సంచి మీద మల్లెపూల వాసన అని అచ్చు వేసుకున్నారు. మన గల్లీలో లేడీస్ హాస్టల్ వెనక మోరీ పొంగితే వచ్చే వాసన అది. దానికి మల్లెపూల పేరు పెట్టడానికి సిగ్గుండాలి.

ఇన్ని దిక్కుల కాఫీకి ఒకే కంపు ఎలా వస్తుందని నాతో పాటు రుచి చూసే ప్రమోద్‌ను అడిగాను. వానలు అకాలంలో పడ్డాయి కదా మేడమ్, ఎండక బూజు పట్టి ఉంటుందన్నాడు. నాకూ అదే అనిపించింది. పింకీ కూడా తల ఊపింది. నేను ఈ టేబుల్‌కు పెద్దనైనంత మాత్రాన మార్కులు నావి కావు. ముగ్గురం నోరు విప్పకుండా, ఎవరి కాగితం మీద వాళ్ళం రాసుకుంటాం.

అంకెలు విప్పి చూస్తే అన్నిటికన్నా అడుగున ఉన్నవి నువ్వు పంపిన, మీ కొండ బుద్రి వాళ్ళ సంచులే. పండు కోసిన రోజే గుజ్జు తీయించావా? తొట్టిలో నీళ్ళు మార్పించావా? నువ్వు వెళ్ళేటప్పుడు నిరుటి మేలైన పచ్చి గింజలు పొట్లం కట్టి ఇచ్చాను, సరుకంటే ఇలా ఉండాలని. దాన్నీ, నీదాన్నీ వేయించి పక్కపక్కన పెట్టుకుని తాగి చూడు. నీకే తెలుస్తుంది.

దసరా తర్వాత వచ్చిన జ్వరం పూర్తిగా పోయింది, ఫికర్ చేయకు. అన్నం సయించడం లేదంతే. రిటైరైన దగ్గర్నుంచి మీ బుచ్చయ్య మామ వంట తనే చేస్తానని మొండికేశాడు. ఆ వంట అలా తగలడింది మరి.

తిట్టినా నీ మంచే కోరే
స్వరాజ్యం అత్త


పాడేరు పైకొండ,
డిసెంబర్ 20

అత్తమ్మకు, మామకు

మధులత నమస్కారాలు. నీ ఉత్తరం మా సొసైటీ షెడ్డు మెట్ల మీద కూర్చుని చదివాను.

ఇక్కడి సంగతి నీకు సరిగా చెప్పలేదేమో. నిరుటి దాకా వీళ్ళు పచ్చికాయా పండూ చూడకుండా కొమ్మ మొత్తం దూసేవాళ్ళు. నేల మీద ఆరబోసి సంతలో షావుకారికి పోసేవాళ్ళు. అతను సంచిలో చెయ్యి పెట్టి ఎంతంటే అంతే. ఈ ఏడు పండే కోయమన్నాను. ఒకే చెట్టు దగ్గరికి మళ్ళీ మళ్ళీ వెళ్ళి ఎర్రబడ్డవే ఏరారు. ఎత్తు బల్లలు కట్టి వాటి మీద ఎండబెట్టారు, మంచు పడితే లేచి పట్టాలు కప్పారు. ఇదంతా బుద్రి చెప్పబట్టే చేశారు. ఆమె మాటంటే ఈ కొండ మీద అందరికీ గురి.

బుద్రికి నేను చెప్పింది ఒకటే. హైదరాబాద్‌లో మా అత్తమ్మ రుచి చూసి బాగుందంటే కంపెనీ పంట మొత్తం కొంటుందని. నువ్వు కాదంటే వీళ్ళు మళ్ళీ షావుకారి దగ్గరికే పోతారు. నన్ను ఇంకో ఏడు కొండ ఎక్కనివ్వరు. నీ నాలుక మీద ఇన్ని ఇళ్ళు ఆశ పెట్టుకున్నాయి.

నీళ్ళు రెండు పూటలా మార్పిస్తున్నాను. తొట్లు మళ్ళీ తోమించాను. ఈ డబ్బాలో కొత్త సంచులు ఉన్నాయి. మీ టేబుల్ దగ్గర నాకోసం ఉంచిన కుర్చీ వదిలేసి ఇక్కడికి వచ్చానని నీకు కోపమని తెలుసు. ఆ కోపం మార్కుల్లో చూపించవని కూడా తెలుసు.

నీ
మధు


అమీర్‌పేట,
జనవరి 2, 2025

మధులతకు,

కుర్చీ గురించి రాసిన ముక్క చదివి నాకు ఒళ్ళు మండింది. నువ్వు వెళ్ళావని నీ గింజల మీద కక్ష తీర్చుకునేంత చవకబారు మనిషినా నేను? కేదార్ అంకెలు వేశాక నీది ఏదో, కూర్గుది ఏదో నాకెలా తెలుస్తుంది? ఇలాంటి మాట ఇంకెవరైనా అంటే గుమ్మం తొక్కనిచ్చేదాన్ని కాదు.

కొత్త సంచులు కూడా చూశాం. చెంచా నోటి దాకా రాకముందే నాకు వాంతి తన్నుకొచ్చింది. పింకీ ముక్కు పట్టుకుంది. ప్రమోద్ కాగితం మీద ‘కుళ్ళు’ అని ఒక్క మాట రాశాడు. ఎవరికి వాళ్ళం రాసుకున్న మార్కులు ముగ్గురివీ ఒక్కటే. ఇంక తప్పు ఎవరిది, నువ్వే చెప్పు. నువ్వు షెడ్డులో కూర్చుని లెక్చర్లు ఇస్తుంటే వాళ్ళు పళ్ళు కుప్ప పోసి పులియబెడుతున్నారు. తొట్టి దగ్గర నిలబడి చూస్తే తెలుస్తుంది గాని, ఉత్తరాలు రాస్తే తెలియదు.

ఈ ఊళ్ళో కూడా శుభ్రమన్నది లేకుండా పోయింది. మార్కెట్‌లో ఉల్లిగడ్డలన్నీ కుళ్ళినవే. ఆ బండివాడితో కొట్లాడి కిలో వాడి మొహాన కొట్టి వచ్చాను. ‘మంచిగనే ఉన్నయి గదా’ అంటూ మీ మామ వెళ్ళి అవే మళ్ళీ తెచ్చాడు. ముక్కు దగ్గర పెట్టుకుని చూసి మరీ కోశాడు. నేను ఆ పూట తినలేదు. గ్యాస్ లీకవుతోందని మనిషిని పిలిపిస్తే ఏమీ లేదని చెప్పి పోయాడు. పళ్ళపొడి కూడా మార్చాను. డబ్బులు తీసుకుని చెత్త అమ్మడం అందరూ నేర్చుకున్నారు.

ఈ మార్కులతో కంపెనీ మీ సరుకు తీసుకోదు. మేనేజర్ తిరస్కరించినట్టు కాగితం పంపిస్తాడు. దాని కింద మొదటి సంతకం నాదే ఉంటుంది. చూసి ఏడవకు, నేర్చుకో.

స్వరాజ్యం


పాడేరు పైకొండ,
జనవరి 18

అత్తమ్మకు,

కాగితం అందింది. బల్లల దగ్గర అందరినీ కూర్చోబెట్టి చదివి వినిపించాను. కాఫీ బాగాలేదట, కుళ్ళు వాసనట అని చెప్పాను. ఎవరూ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. బుద్రి కాసేపు గింజలు అరచేతిలో పోసుకుని చూసింది. తర్వాత లేచి, షావుకారి జీపును రమ్మని మనిషిని పంపింది.

అతను వచ్చి ఏరిన పండు గింజలన్నీ తను వేరే ఊళ్ళ నుంచి తెచ్చిన పచ్చికాయల గుట్టలోకి పారతో తోయించి కలిపేశాడు. నేను చూస్తూ నిలబడ్డాను. బల్లల మీద ఇప్పుడు మిరపకాయలు ఆరుతున్నాయి. ఎదురుపడితే ఆడవాళ్ళు పలకరిస్తున్నారు గాని, షెడ్డుకు ఎవరూ రావడం లేదు.

ఈ డబ్బాలో ఒకే సంచి ఉంది. ఇదే ఆఖరిది. మిగతావాటి లాగే అంకె వేసి రుచి చూడండి. ఏమైందో రాయి.

మధులత


అమీర్‌పేట,
జనవరి 30

మధూ,

షావుకారి సంగతి చదివి బాధ కలిగింది. నేను రాయిని కాను. కానీ బాధ కలిగిందని బురదను పాయసమని రాయలేను.

డబ్బాలో ఒకే సంచి రావడంతో అది నీదేనని ఈసారి అందరికీ తెలిసింది. అయినా కేదార్ కూర్గు సంచుల మధ్య కలిపి అంకె వేసే పెట్టాడు. ఈ ఆఖరి సంచి ముందు మిగతావి ఎంతో నయం. ఇన్నేళ్ళలో ఇంత నీచమైన కప్పు నా ముందుకు రాలేదు. నోరు కడుక్కున్నాను, నిమ్మకాయ నాకాను, అయినా పోలేదు. ఇంటికొచ్చాక కూడా చీర కొంగులో అదే కంపు. పింకీ, ప్రమోద్ సున్నాకు ఒక మెట్టు పైన ఆపారు. నేను అంతకన్నా తక్కువే వేశాను.

నా మాట విను. ఆ కొండ దిగి వచ్చేయ్. కాఫీ పండించడం ఆ మనుషులకు రాదు, చేయించడం నీకు రాదు. ఇందులో సిగ్గుపడాల్సింది లేదు. మన గల్లీలో ఏ కోచింగ్ సెంటర్‌లో చేరినా రెండు నెలల్లో ఇంకో ఉద్యోగం చూసుకోవచ్చు. నీ గది అలాగే ఉంది, మీ మామ రోజూ దులుపుతున్నాడు.

అత్త


పాడేరు పైకొండ,
ఫిబ్రవరి 7

అత్తమ్మా,

ఆఖరి సంచిలో ఉన్నది బుద్రి వాళ్ళ గింజలు కావు. నేను బయల్దేరేటప్పుడు నువ్వు పొట్లం కట్టి ఇచ్చినవి. సరుకంటే ఇలా ఉండాలని ఇచ్చినవి. సగం ఇక్కడ వాడాను. మిగతా సగం తడి తగలకుండా డబ్బాలో దాచి, మొన్న సంచిలో పోసి పంపాను.



మధు


అమీర్‌పేట,
ఫిబ్రవరి 24

మధూ,

నీ ఉత్తరం చదవగానే చించి పారేశాను. పెంచి పెద్ద చేసిన పిల్ల నాకు ఉచ్చు పెట్టిందని మీ మామ మీద అరిచాను. కొండ మీది చెమ్మకు నిరుటి గింజ పాడవదా, అది తెలియదా దానికి, అని కూడా అన్నాను. అతను ముక్కలన్నీ ఏరి బల్ల మీద పెట్టాడు.

మర్నాడు ఆఫీసులో ప్రమోద్‌ను, పింకీని కూర్చోబెట్టి ఆ ఆఖరి సంచిలో మీకు ఏ వాసన వచ్చిందని అడిగాను. ప్రమోద్ కిటికీలోంచి మెట్రో వంక చూస్తూ కూర్చున్నాడు. పింకీ గోళ్ళు గిల్లుకుంటూ నోరు విప్పింది.

“మీ మొఖం చూసి రాసిన మేడమ్. నాకైతే మంచిగనే కొట్టింది. మీకే బాగలేదంటె నాకేం తెలుస్తదని...”

దసరా తర్వాత నేను టేబుల్ దగ్గరికి తిరిగొచ్చిన రోజు నుంచీ ఇద్దరూ అదే పని చేస్తున్నారట. నేను మొహం చిట్లిస్తే మార్కు తగ్గించడం, ఉమ్మితే ఇంకా తగ్గించడం. మాట్లాడకూడదన్నాను గాని మొహం చూడకూడదని ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సి వస్తుందని కూడా తోచలేదు. వాళ్ళ మీద అసహ్యం వేసింది. ఇంతమంది పంట మీద కూర్చుని నా మొహం కాపీ కొట్టారు. ఆ తర్వాత నా మీద అంతకన్నా అసహ్యం వేసింది, ఎందుకంటే ముగ్గురి మార్కులూ కలిసినప్పుడల్లా నేను మురిసిపోయాను.

పంజాగుట్ట నుంచి నడుచుకుంటూ ఇంటికి వచ్చాను. దారిలో మిర్చి బజ్జీల బండి దగ్గర ఆగి వాసన చూశాను. పూలకొట్టు దగ్గర ఆగాను, మందుల షాపు దగ్గర ఆగాను. బజ్జీకి కంపు, చామంతికి కంపు, చేతికి రాసుకునే సబ్బుకీ అదే కంపు. చిక్కమగళూరూ వయనాడూ ఇథియోపియా అన్నీ నా ముక్కులో ఒకే మోరీలో పడ్డాయి. ఎక్కడెక్కడి రైతులనో నోటికొచ్చినట్టు తిట్టాను. ఇంట్లో అడుగు పెట్టి మీ మామను అడిగాను, నీకు ముందే తెలుసా అని.

“ఉల్లిగడ్డ, సబ్బు, ఆఖరికి నా అంగీ సుత నీకు ఒక్కతీరుగనే వాసనొస్తుందని ఎప్పుడో అర్థమైంది. చెప్తె కొట్లాడతవని ఊకున్న,” అన్నాడు. పాపం, నేను ముక్కు మూసుకుంటున్నానని రెండు నెలలుగా హాల్లో పడుకుంటున్నాడు. గురక వల్ల అనుకున్నాను.

సోమాజిగూడలో ముక్కు డాక్టర్‌కు చూపించుకున్నాను. జ్వరం తర్వాత ఇలా కావడం కొందరిలో ఉందట. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు, రోజూ లవంగం, నిమ్మతొక్క వాసన చూస్తూ ఉండమన్నాడు. లవంగానికి కూడా మోరీ కంపే. మేనేజర్‌కు అంతా చెప్పేసి టేబుల్ దిగాను. నాకు ఈ పని తప్ప ఇంకోటి రాదు మధూ.

ప్రతి సంచిలోంచీ కొంత తీసి దాచి ఉంచుతాం కదా, వాటన్నిటినీ మళ్ళీ రుచి చూడమన్నాను. కేదార్ కొత్త అంకెలు వేశాడు. ప్రమోద్, పింకీ వీపులు ఆనించుకుని కూర్చున్నారు. నేను బయట మెట్ల మీద కూర్చున్నాను. అన్నిటికన్నా పైన బుద్రి వాళ్ళవే వచ్చాయి, నేనిచ్చిన పొట్లం కన్నా పైన. కంపెనీ ఆ సరుకు ఎంతుంటే అంత కావాలంటోంది. ఎక్కడిది సరుకు? నా సంతకం చూసి పారతో కలిపేశారు కదా. నీళ్ళు మార్చలేదని నిన్ను తిట్టాను. ఆ మనుషులకు పండించడం రాదన్నాను. నా ముక్కు తప్పని వాళ్ళకు చెప్పు. ఏ మాటైనా పడతాను.

అత్త


పాడేరు పైకొండ,
మార్చి 8

అత్తమ్మా,

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. నీ ముక్కు కోసం కాదు, అది వస్తుంది. నేను చేసిన పనికి ఏడ్చాను.

నువ్వు రుచి చూడమన్న రోజే రెండూ వేయించి పక్కపక్కన పెట్టుకుని తాగాను. బుద్రి వాళ్ళది నీ పొట్లం కన్నా బాగుంది. గొంతు దిగాక కూడా చెరకు తీపి ఉండిపోయింది. నాకు బాగుందని నీకు ఒక్క ముక్క రాయలేదు. స్వరాజ్యం అత్తకు కుళ్ళు అనిపించిందంటే నా నాలుకకే ఏదో జబ్బు అనుకున్నాను. బల్లల దగ్గర అందరి ముందు నిలబడి, నా నోటికి తీయగా ఉన్నదాన్ని కుళ్ళు అని చదివాను. షావుకారు అంతా కలిపేశాక గాని, నీ ఉల్లిగడ్డలూ పళ్ళపొడీ గుర్తొచ్చి నీ పొట్లమే పంపి చూడాలని తోచలేదు. పింకీ నీ మొహమైనా చూసింది. నేను ఇంత దూరం నుంచి, చూడకుండానే కాపీ కొట్టాను. నా మీద నాకే రోత పుట్టింది.

మొన్న అందరినీ మళ్ళీ పిలిచి జరిగింది చెప్పాను. పిడికెడు గింజలు మిగిలి ఉంటే వేయించి, దంచి, చక్కెర లేకుండా కాచి ఇచ్చాను. బుద్రి ఒక గుక్క తాగి మొహం వికారంగా పెట్టింది. ‘మీ యత్త సెప్పిందే నిజంలాగుంది’ అంది. అందరూ పగలబడి నవ్వారు. నేను నవ్వలేకపోయాను. ఆమె గ్లాసు కింద పెట్టి నా వంక తిరిగింది.

“నీకు బాగున్నాదా?”

బాగుందన్నాను. అప్పుడు కూడా బాగుందా అని అడిగింది. అప్పుడు కూడా అన్నాను.

“మరప్పుడే ఎందుకు సెప్పనేదు? మీ యత్తకి ముక్కు పోయింది. నీకు నోరు కూడా పోయిందేటి?”

నేను తల వంచుకున్నాను. తర్వాత వాళ్ళలో వాళ్ళు వాళ్ళ భాషలో మాట్లాడుకుని, వచ్చే ఏడు కూడా పండే కోస్తామన్నారు. ఒక షరతు పెట్టారు. సంచి కట్టే ముందు నేను అందరి ఎదుటా తాగి బాగుందో లేదో చెప్పాలి. నేను చెప్పాకే సంచి కొండ దిగుతుంది. అవతల ఎవరేమన్నా నేను నా మాట మార్చకూడదు. ఒప్పుకున్నాను.

మామను హాల్లోంచి గదిలోకి పిలువు. పాపం.

మధు


అమీర్‌పేట,
మార్చి 19

మధూ,

బుద్రి నన్నన్న మాట చదివి ముందు మండింది, తర్వాత నవ్వొచ్చింది. మీ మామకు చదివి వినిపిస్తే మళ్ళీ చదవమన్నాడు. గదిలోకి రమ్మన్నాను. సబ్బు మార్చి చూస్తానన్నాడు, ఏ సబ్బైనా ఒకటేనని చెప్పాను.

నా సామాను తెచ్చుకోవడానికి నిన్న ఆఫీసుకు వెళ్ళాను. బుద్రి వాళ్ళ గింజలు దాచినవి ఒక్కసారికి సరిపడా మిగిలితే కేదార్ అందరికీ కాచాడు. మేనేజర్ కళ్ళు మూసుకుని తాగాడు. పింకీ రెండోసారి పోయించుకుంది. నాకు కూడా ఒక గ్లాసు ఇమ్మన్నాను. వద్దు మేడమ్ అని ప్రమోద్ అడ్డం వచ్చాడు గాని, లాక్కున్నాను.

ఛీ, అదే కంపు. ఎలుక, టైరు, మోరీ, ఏదీ తగ్గలేదు. మొదటి గుక్కకే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముప్పై ఏళ్ళు రుచి చూసి ఉమ్మేయడమే నా ఉద్యోగం, ఎంత మంచి కాఫీనీ మింగింది లేదు. పింకీ అలవాటుగా ఉమ్మే గిన్నె నా ముందుకు జరిపింది. నేను దాన్ని వెనక్కి తోసేశాను.

నువ్వు తీయగా ఉందని రాశావు కదా. గ్లాసు ఖాళీ చేసి పెట్టాను.

నీ
స్వరాజ్యం అత్త